సర్ జోసెఫ్ స్వాన్

విద్యుద్దీపమును కనిపెట్టినవాడెవడని మన విద్యార్థులను అడిగినచో, ఎడిసన్ అని వెంటనే బదులు చెప్పుదురు. ఆ బదులు తప్పు కాదుగాని, అది సగము బదులు మాత్రమే. తక్కిన సగము ఇంగ్లండు ఉత్తరభాగమున ఒక మందుల అంగడిలో పనిచేసిన జోసెఫ్ విల్సన్ స్వాన్ అను నాతనికి చెందవలసియున్నది. ఈయన పేరు మన పాఠ్యపుస్తకములలో అరుదుగా కనబడును. అయినను ఛాయాచిత్రములను పెద్దవిగా చేయు ఎన్లార్జరు అను యంత్రమును పరిశీలించినచో, దానికి ముఖ్యములైన రెండు వస్తువులందును, అనగా పైనుండు దీపమునందును, క్రింద పరచు కాగితమునందును, ఈయన చేయి కలదు. ఈ రెంటికొరకును ఒకే మనుష్యుడు ఒకే కాలమున పాటుపడుట శాస్త్రచరిత్రమున విశేషమైన సంగతి.

ఈ మహనీయుని జీవితమును ఈ సంచికలో వ్రాయుటకు మరియొక కారణము కూడ కలదు. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, చాట్రాయి ప్రాంతములయందు పాత ఫొటో స్టూడియోల అటకలమీద ఎన్లార్జరులు దుమ్ముపట్టి పడియున్నవి. అనేక గృహములలో ట్రంకుపెట్టెల అడుగున తాతముత్తాతల పెండ్లి ఫొటోల నెగెటివులు ఉన్నవి. మన మామిడితోటల ప్రాంతపు వేసవి వేడికిని, వానకాలపు చెమ్మకును ఆ ఫిల్ములు ముడుచుకొని, బూజుపట్టి, యేటేట చెడిపోవుచున్నవి. వానినుండి ఫొటోలు తీయింతమన్నచో, ఎన్లార్జరులోని బల్బు మాడిపోయి యుండును. అట్టి బల్బు అంగడిలో దొరకదు. ఏ బల్బు వేయవలెనని మమ్ము అడుగు పూర్వవిద్యార్థులును, తల్లిదండ్రులును కలరు. ఆ ప్రశ్నకు వలసిన బదులు చాలవరకు స్వాను జీవితమునందే ఉన్నదని మా యభిప్రాయము.

స్వాను 1828వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఇంగ్లండు ఈశాన్యతీరమందలి సండర్లండులో జన్మించెను. తండ్రి పేరు జాన్ స్వాన్, తల్లి పేరు ఇసబెల్లా కామెరన్. ఆ పట్టణము ఓడల నిర్మాణమునకును, గాజు పనికిని, కుండల పనికిని పేరుపొందినది. పనివారు తమ చేతులతో వస్తువులను తయారుచేయుట చూచుచు పెరుగుట ఆ బాలునకు మొదటి పాఠశాల యయ్యెను. కుటుంబము ధనవంతమైనది కాదు. అందుచేత చిన్నతనముననే బడి విడిచి, ఔషధములు అమ్మువారి యొద్ద పని నేర్చుకొనుటకు కుదిరెను. ఒప్పందపు గడువు తీరకముందే ఆ యజమానులు మరణించిరి. ఆయన యే కళాశాలలోను చదువలేదు. గ్రంథాలయములో లభించిన పుస్తకములు, పట్టణములో జరిగెడి ఉపన్యాసములు, అంగడిలోని సీసాలు, త్రాసులు, ఇవియే ఆయనకు గురువులు. ఆ రోజులలో స్టెయిట్ అను నొక పరిశోధకుడు సండర్లండులో ఉపన్యసించుచు, విద్యుత్తుచే వెలుగును పుట్టించి చూపెను. ఆ దృశ్యము స్వాను మనస్సులో నాటుకొని, తరువాత ముప్పది సంవత్సరములకు ఫలించెను.

అటుపిమ్మట ఆయన న్యూకాసిల్ నగరమునకు పోయి, జాన్ మాసన్ అను రసాయనవర్తకుని యంగడిలో చేరెను. మాసన్ ఈయన అక్కను వివాహమాడెను. కొంతకాలమునకు బావ యంగడిలో స్వాను భాగస్వామి యయ్యెను. ఆ కాలమున ఛాయాచిత్రకారులు కొలోడియను అను జిగురువంటి ద్రవమును గాజుపలకమీద పూసి, అది ఆరకముందే బొమ్మ తీయవలసియుండెను. మాసన్, స్వాను తయారుచేసిన కొలోడియను స్వచ్ఛమైనదని పేరుపొందెను. ఆ అంగడిలోనే స్వాను జీవితమునందలి రెండు పనులును, అనగా దీపమును, ఛాయాచిత్రమును, ప్రక్కప్రక్కన మొలకెత్తెను.

మొదటిది దీపము. సన్నని కాగితపు ముక్కలను కాల్చి బొగ్గుగా చేసి, వానిని గాజుబుడ్డిలోనుంచి, లోని గాలిని తీసివేసి, విద్యుత్తు పంపినచో బొగ్గు తెల్లగా వెలుగును. గాలి యున్నచో మాత్రము అది క్షణములో కాలిపోవును. 1860వ సంవత్సరము నాటికే స్వాను ఇట్టి దీపమును వెలిగించి చూచెను. అది వెలిగెను, కాని నిలువలేదు. ఆనాటి పంపులు గాలిని పూర్తిగా తీయలేకపోయెను. బ్యాటరీలు కూడ బలహీనములు. లోపము ఆలోచనలో లేదు, పనిముట్లలో నున్నదని గ్రహించి, ఆయన ఆ దీపమును ప్రక్కనుంచెను. మన రైతులకు ఈ సంగతి తెలియనిది కాదు. టెంకనుండి మొలిచిన మామిడిమొక్కను ఎంత నీరు పోసినను మరుసటియేడు కాపునకు రాదు. అంతమాత్రమున దానిని పెరికివేయువాడు తోటమాలి కాడు. ఆ చెట్టు ఎదుగులోపల ప్రక్కదడులలో వేరు పైరు వేసికొనును. స్వాను కూడ అట్లే ఛాయాచిత్రముల పనికి పూనుకొనెను.

ఆనాటి ఫొటోలకు పెద్ద లోపమొకటి యుండెను. వెండి లవణములచే ఏర్పడిన బొమ్మలు కొన్నియేండ్లకు పసుపువర్ణమై మాసిపోవుచుండెను. 1864లో స్వాను బొగ్గుపొడి కలిపిన జెలటిను పొరతో బొమ్మను అచ్చువేయు పద్ధతికి పేటెంటు పొందెను. దీనినే కార్బన్ పద్ధతి యందురు. బొగ్గు వెలుగునకు మాయదు. కావున ఆ బొమ్మలు చిరకాలము నిలుచును. ఈ పని సాగుచున్న దినములలోనే ఆయనకు గొప్ప దుఃఖములు సంభవించెను. 1867 డిసెంబరులో న్యూకాసిల్ నగరమున దొరికిన నైట్రోగ్లిసరిను అను భయంకరమైన ప్రేలుడు పదార్థమును ఊరివెలుపల పాతిపెట్టించుచుండగా అది ప్రేలి, ఆ నగరమున షరీఫు పదవియందున్న మాసన్ మరణించెను. కొద్దివారములకే, 1868 జనవరిలో, స్వాను భార్య ఫ్రాన్సిస్ కాలముచేసెను. చిన్నపిల్లల పెంపకమును, వ్యాపారభారమును ఒక్కసారిగా ఆయనపై బడెను. 1871లో ఆమె చెల్లెలైన హన్నాను పెండ్లాడెను. చనిపోయిన భార్య తోబుట్టువును చేసికొనుట మనలో సాధారణమే యైనను, ఆనాటి ఇంగ్లండు చట్టము దానిని ఒప్పుకొనదు. అందుచేత ఆ వివాహము స్విట్జర్లండు దేశమున జరిగెను.

ఆ 1871లోనే మాడక్స్ అను వైద్యుడు జెలటినులో వెండి లవణమును కలిపి గాజుపై పూసి, ఆరిన పిదప వాడదగిన పలకలను గూర్చి ప్రకటించెను. ఆ పలకలు మొదట మందకొడివి. జెలటిను మిశ్రమమును కొంతసేపు వేడిలోనుంచినచో వెలుగును పట్టుకొను శక్తి మిక్కుటమగునని స్వాను గమనించెను. ఈ చర్యకు ఆ వృత్తివారు పెట్టిన పేరు మాగుట. నూజివీడు పిల్లలకు ఈ మాటను మేము వివరింప నక్కరలేదు. కోసిన రసముకాయలను వరిగడ్డిలో పెట్టి వెచ్చదనమున మాగవేసినట్లే, ఆయన ఆ మిశ్రమమును మాగవేసెను. 1877లో ఆయన సంస్థ ఆ పొడిపలకలను అమ్మసాగెను. ఛాయాచిత్రకారులు గుడారమును, రసాయనములను వెంటమోయుట తప్పెను.

ఇక కాగితము సంగతి. అంతకుముందు ఫొటోలను కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై అచ్చుతీసెడివారు. గాజు నెగెటివును కాగితముపై ఆనించి, ఎండలో నుంచి, బొమ్మ కనబడువరకు వేచియుండవలెను. నెగెటివు ఎంత పెద్దదో ఫొటో అంతే యగును. బొమ్మను పెద్దది చేయవలెనన్నచో సూర్యుని వెలుగును అద్దములచే లోపలికి త్రిప్పుకొనవలెను. అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి వుడ్‌వర్డ్ 1857లో అట్టి యంత్రమునే నిర్మించెను. సూర్యుడు కదలుచుండుటచే అద్దములను కూడ కదల్చుచుండవలెను. మబ్బు పట్టినచో పని నిలిచెను. 1879లో స్వాను వెండి బ్రోమైడు కలిపిన జెలటిను కాగితమునకు పేటెంటు పొందెను. అంతకుముందు కొందరు దానిని ప్రయత్నించిరిగాని, వ్యాపారమున స్థిరపడునట్లు చేసినవారిలో ఈయన ముఖ్యుడు. ఈ కాగితము ఎండను కోరదు. దీపపు వెలుగున కొద్ది సెకనులు చాలును. పిదప రసాయనపు నీటిలో ముంచగా బొమ్మ తేలును. ఎన్లార్జరు చీకటిగదిలోనికి ప్రవేశించుటకు ఈ కాగితమే ద్వారము తెరచెను.

మన దేశమున ఆ మార్పుకాలము ఎట్లుండెనో తెలిసికొనుటకు రాజా దీనదయాళుగారి చరిత్రము చాలును. 1844లో మీరటు సమీపమందలి సర్ధనాలో జన్మించిన ఈయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగము చేయుచు ఛాయాచిత్రకళ నేర్చుకొని, ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాన్ ఆస్థానమున చేరి, 1886లో సికిందరాబాదులో స్టూడియో స్థాపించెను. 1892లో హైదరాబాదున స్త్రీలకు ప్రత్యేకముగా మరియొక స్టూడియోను తెరచెను. 1905లో ఆయన మరణించునాటికి కూడ స్టూడియోల పని చాలవరకు పగటివెలుగుపైననే ఆధారపడియుండెను. ఆయన తీసిన బొమ్మలు నేటికిని మనము చూడగలుగుచున్నామన్నచో, వేలకొలది గాజు నెగెటివులు భద్రపరుపబడుటయే కారణము. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము వానిని సేకరించెను. నెగెటివు నిలిచినచో మనుష్యుని ముఖము నిలుచును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక.

ఇప్పుడు మరల దీపమునొద్దకు వత్తము. 1865లో స్ప్రెంగెల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పాదరసపు బొట్లచే గాలిని లాగివేయు పంపును కనిపెట్టెను. పదిసంవత్సరముల పిమ్మట క్రూక్స్ మొదలగువారి ప్రయోగములచే గాలిలేని గాజుబుడ్లపై లోకమునకు శ్రద్ధ కలిగెను. స్వాను వెంటనే తన పాత దీపమును చేపట్టెను. బర్కెన్‌హెడ్ పట్టణమునకు చెందిన చార్లెస్ స్టెర్న్ అను నాతడు గాలిని తీయుటలో తోడ్పడెను. అయినను బుడ్డి లోపల నల్లబడుచునే యుండెను. కారణమేమన, బొగ్గులోనే దాగియున్న వాయువు వేడికి బయటపడుచుండెను. గాలిని తీయుచుండగానే బొగ్గును విద్యుత్తుచే ఎఱ్ఱగా కాల్చినచో ఆ వాయువు కూడ వెలువడిపోవునని స్వాను కనుగొనెను. చిన్న సంగతివలె కనబడు నిదియే దీపమునకు ఆయువు పోసెను.

1878 డిసెంబరు 18న న్యూకాసిల్ రసాయన సంఘమున ఆయన తన దీపమును చూపెను. 1879 ఫిబ్రవరి 3న అదే నగరమందలి సాహిత్య తత్త్వ సంఘమున ఏడువందల మంది యెదుట దీపమును వెలిగించెను. ఎడిసన్ తన ప్రయోగశాలలో జయము పొందినది ఆ సంవత్సరము అక్టోబరులో. ఈ విధముగా 1879వ సంవత్సరము స్వాను జీవితమున రెండువిధముల స్మరింపదగినది. దీపము సభకు వచ్చినదియు అప్పుడే, బ్రోమైడు కాగితమునకు పేటెంటు లభించినదియు అప్పుడే. తరువాత ఆయన ప్రత్తిదారమును గంధకామ్లముచే గట్టిపరచి బొగ్గుగా మార్చి, మరింత సన్నని, సమమైన తంతువును చేసెను. 1880 డిసెంబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభువుగారి క్రాగ్‌సైడ్ భవనమున ఆయన దీపములు వెలిగెను. 1881 డిసెంబరులో లండనులోని సవాయ్ నాటకశాల దాదాపు 1200 స్వాను దీపములచే ప్రకాశించెను. ఆ యేడే ఫ్రెంచి ప్రభుత్వము ఆయనను బిరుదుతో గౌరవించెను.

ఇచ్చట ఒక చిక్కు పుట్టెను. తాను చాలకాలముగా ఎల్లరకు చూపుచున్న దీపమునకు పేటెంటు పుట్టదని తలచి, మూలదీపమునకు స్వాను పేటెంటు తీసికొనలేదు. కొన్ని ప్రత్యేక పద్ధతులకే తీసికొనెను. 1879 నవంబరులో ఎడిసన్ ఇంగ్లండున విస్తారమైన పేటెంటు పొందెను. వ్యాజ్యమునకు పోయినచో ఇరువురును నష్టపడెడివారు. కావున 1883లో రెండు కంపెనీలును ఒక్కటియై, ఎడిస్వాన్ అను పేరున బల్బులు అమ్మసాగెను. పిమ్మట ఇతరులపై వ్యాజ్యములు వేయుచు, ఎడిసన్ పేటెంటును నిలుపుకొనుటకై, స్వాను మొదట చూపినది బొగ్గుకడ్డీయేగాని నిజమైన తంతువు కాదని ఆ కంపెనీయే వాదింపవలసివచ్చెను. తన పేరుగల సంస్థ తన ప్రాథమ్యమును తానే కాదనుటకంటె మనుష్యునకు కష్టమేమున్నది? స్వాను వీధికెక్కి తగవులాడలేదు. తన పని తాను చేసికొనుచుండెను. సత్యము నెమ్మదిగా బయలుపడెను. నేడు చరిత్రకారులు ఇరువురికిని స్థానమిచ్చుచున్నారు.

పని మానుట ఆయన యెరుగడు. మరింత సమమైన తంతువుకొరకు నైట్రోసెల్యులోజును కరగించి సన్నని రంధ్రముగుండ పిచికారీవలె వెలువరించి, పొడవైన దారమును చేసెను. ఆ దారము దీపమునకేగాక బట్టకు కూడ పనికివచ్చునని గ్రహించి, హన్నాచేత అల్లించి, 1885లో లండను ప్రదర్శనమున పెట్టెను. కృత్రిమ పట్టుకు ఇది నాంది. 1894లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1904లో సర్ బిరుదమును, హ్యూజ్ పతకమును లభించెను. 1914 మే 27న సర్రీ ప్రాంతమందలి వార్లింగుహాములో, ఎనుబదియైదేండ్ల ప్రాయమున, శాంతముగా కన్నుమూసెను.

ఇక మొదట చెప్పిన ప్రశ్నకు వత్తము. పాత ఎన్లార్జరునకు తగిన బల్బును వెదకువారు మొదట చూడవలసినది క్యాపు. మన యిండ్లలో రెండు పిన్నులతో నొక్కి త్రిప్పు క్యాపును పలు దేశములవారు స్వాన్ క్యాపు అని యందురు. మరచుట్లు కలది ఎడిసన్ క్యాపు. ఆ పాత తగవు ఈనాటికిని మన హోల్డరులలో నిలిచియున్నదన్నమాట! ఐరోపానుండి వచ్చిన ఎన్లార్జరులకు సామాన్యముగా మరచుట్ల హోల్డరే యుండును. క్యాపు కుదిరిన తరువాత కూడ బల్బు ఎత్తును, లావును సరిచూడవలెను. బల్బు పొడవైనచో దీపపు నడిబొడ్డు కటకమునకు ఎదురుగా నిలువదు.

రెండవది గాజు. స్పష్టమైన గాజుబల్బులో తంతువు ఆకారమే కాగితముపై పడును. ఇసుక రాచినట్లు పైపైన మసకబారిన గాజు కూడ చాలదు. నడుమ వెలుగెక్కువయై అంచులు నల్లబడును. పాలవలె తెల్లనైన గాజుబల్బే కావలెను. బల్బు తలమీద కంపెనీ గుర్తులు ముద్రింపబడినచో ఆ అక్షరముల నీడ పడవచ్చును; కావున ముద్ర మెడయొద్ద నున్న బల్బును తీసికొనవలెను. పాత సరుకులో ఫిలిప్స్ వారి ఫోటోక్రెసెంటా అను పేరుగల బల్బులు ఇట్టివే. మూడవది వాట్లు. చాల యంత్రములకు 75 వాట్లుగాని, 150 వాట్లుగాని నిర్ణయించియుందురు. అంతకు మించినచో వేడికి నెగెటివు వంగి, బొమ్మ మసకబారును. మన తాతగారి యొకే యొక్క ఫిల్ము పాడగును.

నాల్గవది వోల్టులు. అమెరికా బల్బులు, అనగా పి.హెచ్. 211, పి.హెచ్. 212 మొదలగు సంఖ్యలు గలవి, 120 వోల్టులకు చేసినవి. వానిని మన 230 వోల్టులకు తగిలించినచో మితిమించిన శక్తి ప్రవహించి వెంటనే మాడిపోవును. ఒకవేళ సరియైన బల్బే దొరికినను, కరెంటు హెచ్చుతగ్గులను గమనింపవలెను. తంతువుగల బల్బునకు వోల్టులు పదవ వంతు తగ్గినచో వెలుగు సుమారు మూడవ వంతు తగ్గును. మధ్యాహ్నము పది సెకనులలో తేలిన బొమ్మ, మోటారులు నడచు వేళ అదే పది సెకనులకు వెలవెలబోవుటకు కారణ మిదియే. కావున స్టెబిలైజరు పెట్టుకొనుట మేలు. ఈ బల్బులలో కొన్నింటి ఆయువు సుమారు 100 గంటలు మాత్రమే. తంతువును ఎక్కువ వేడిచేసి తెల్లని వెలుగును రాబట్టుటయే దానికి హేతువు. పని లేనప్పుడు దీపమును ఆర్పివేయుట పొదుపు.

తంతువు బల్బులే దొరకనిచో ఎల్.ఇ.డి. బల్బు వాడవచ్చునా యని అడుగుదురు. వాడవచ్చును. దానియందు వేడి తక్కువ, అది నెగెటివునకు మేలు. గుండ్రని పాలతెలుపు మూతగలదానిని, లేతపసుపు వెలుగునిచ్చుదానిని ఎన్నుకొనవలెను. అయితే తెల్లని ఎల్.ఇ.డి.యందు నీలపు వెలుగును, దానినుండి పుట్టిన పసుపు వెలుగును కలిసియుండును. తంతువు దీపపు వెలుగు వేరు. ఫిల్టరులచే గాఢత మార్చు కాగితములు నీలమునకును, ఆకుపచ్చకును వేరువేరుగా స్పందించును. అందుచేత పాత లెక్కలు సరిపోవు. చిన్న కాగితపు పట్టీమీద మరల పరీక్షించి చూడవలెను. కొన్ని ఎల్.ఇ.డి. బల్బులు స్విచ్చి ఆర్పిన పిదప కూడ కొంచెము మినుకుమినుకుమనును. అట్టిది కాగితమును పాడుచేయును. చీకటిగదిలో ఆర్పి, కన్నులు అలవాటుపడువరకు ఆగి, చూచి కొనవలెను.

ఏ బల్బు వేసినను పరీక్ష ఒక్కటే. నెగెటివు లేకుండ వట్టి వెలుగును తెల్లకాగితముపై పడనిచ్చి, నాలుగు మూలలను నడుమతో పోల్చి చూడవలెను. మూలలు నల్లగా నున్నచో దీపపు కడ్డీని కొంచెము పైకిని, క్రిందికిని జరుపుచు వెలుగును సమముగా పరచవలెను. తొందరపడువారికి ఈ పని విసుగు. కాని వెలుగు సమముగా నుండనిదే ముఖము సరిగా రాదు. ముత్తవ్వ ముఖమందలి ఒక చెంప నల్లబడినచో, అది ఆమె రూపము కాదు, మన అశ్రద్ధ రూపము.

విద్యార్థులారా, స్వాను జీవితమునుండి మనము గ్రహింపవలసినది యిదియే. దీపము వెలుగలేదని ఆయన దానిని తిట్టలేదు, విడువలేదు; ఏ పనిముట్టు కొరవడెనో కనుగొని, అది వచ్చువరకు వేరొక మేలైన పనిలో తన చేతుల నుంచెను. ప్రఖ్యాతి రానప్పుడు కూడ పనిని మానలేదు. పిదప వచ్చినవారు ఆయన దీపముక్రింద, ఆయన కాగితముమీద, కోట్లకొలది మనుష్యుల ముఖములను నిలిపిరి. తల్లిదండ్రులారా, మీ పెట్టెలలోని నెగెటివులను ఈ వేసవి ముగియకముందే వెలికితీసి, మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి, చల్లని పొడిచోట కాగితపు సంచులలో నుంచుడు. పాత ఎన్లార్జరు ఉన్నవారు తగిన బల్బును వెదకి వేసి, మీ పిల్లలను ప్రక్కన నిలువబెట్టుకొని ఒక్క బొమ్మనైనను తీయుడు. రసాయనపు నీటిలో తెల్లకాగితముపై తాతగారి ముఖము మెల్లమెల్లగా తేలివచ్చుట చూచిన బాలుడు దానిని జన్మమున మరువడు.